తాళము లేని బీరువా

మేము ఈ పాఠశాలలో ఉపాధ్యాయులముగా చేరి ఇరువది సంవత్సరములు దాటినది. చేరిన మొదటి దినముననే నాటి ప్రధానోపాధ్యాయులవారు మమ్ము కార్యాలయపు గదిలోనికి పిలిచి, గోడకు చేర్చి యుంచిన ఇనుప బీరువాను చూపి, "దీనికి తాళపుచెవులు రెండే. ఒకటి నా యొద్దను, ఒకటి గుమాస్తాగారి యొద్దను ఉండును" అని చెప్పిరి. ప్రవేశ పుస్తకములు, మార్కుల పట్టీలు, జీతముల రాయితీకై తలిదండ్రులు పెట్టుకొనిన అర్జీలు, అన్నియు దానిలోనే భద్రపరుపబడుచుండెను. శిక్షణ కళాశాలలో మా గురువులు హాజరు పట్టీని సైతము పిల్లవాని చేతికిచ్చి పంపరాదని మాకు నేర్పియుండిరి. కావున ఆ కట్టుబాటు మాకు వింతగా తోపలేదు.

ఆ బీరువా నేటికిని అచ్చటనే యున్నది. తాళమును చక్కగానే పడుచున్నది. అయినను కొన్ని సంవత్సరములపాటు మా పిల్లల సంగతులలో సగము దానిలో లేక, తాళమే లేని మఱియొక బీరువాలో నుండెను. దానిని తెరచి పెట్టినవారము మేమే. ఆ సంగతియు, దానిని మూయబోయి మేము చేసిన రెండవ తప్పును ఈ సంచిక చదువరులకు విన్నవించుకొనుచున్నాము. ఇది మాకు గౌరవము తెచ్చు కథ కాదు. కాని ఇట్టి బీరువా నేడు ప్రతి యింటను, ప్రతి చేతిలోను ఉన్నది గనుక మా అనుభవము కొందఱికైనను ఉపయోగపడునేమో యని వ్రాయుచున్నాము.

2020 మార్చిలో మహమ్మారి కారణముగా పాఠశాలలు మూతబడినప్పుడు మేమందఱమును గూగుల్ డ్రైవ్ అను సాధనమును ఆశ్రయించితిమి. ఇది 2012లో మొదలైనది. మన కాగితములను మన యంత్రములో గాక, ఎచ్చటనో దూరమందున్న పెద్ద యంత్రములలో దాచి, ఏ ఊరనుండియైనను తెరచుకొనుటకు వీలు కలిగించును. దాచిన ప్రతి ఫైలునకును అనుమతులుండును. ఒకడు చూచుట మాత్రమే చేయవచ్చును, ఒకడు అభిప్రాయము వ్రాయవచ్చును, ఒకడు దిద్దవచ్చును. ఈ అనుమతిని పేరు పేరునను ఈయవచ్చును. అట్లుగాక, లింకు తెలిసినవారెవ్వరైనను తెరచుకొనునట్లు అందఱకును ఒక్కసారిగా ఈయవచ్చును. పేరు పేరున నిచ్చుటకు ఓపిక కావలెను. లింకు నిచ్చుటకు ఒక్క క్షణము చాలును. ఆ దినములలో ఓపిక మా యొద్ద లేదు. పిల్లలయొద్ద ఫోనులు లేవు. తలిదండ్రుల ఫోనులలో వారి ఖాతాల పేర్లేవియో వారికే తెలియదు. అందుచేత మేము ప్రతిదానికిని లింకునే యిచ్చి వాట్సాప్ బృందములలో పంపితిమి. పని జరిగినది. పాఠములు నడచినవి. ఆ తలుపులను మరల మూయవలెనను తలంపే మాకు కలుగలేదు.

2025 జనవరిలో సంక్రాంతి సెలవులు ముగిసి బడి తెరచిన వారములో తొమ్మిదవ తరగతి పిల్లవాడొకడు మూడు దినములు బడికి రాలేదు. నాలుగవ దినమున వచ్చినను ఎవ్వరితోను మాటలాడక వెనుక బల్లపై కూర్చుండెను. విచారింపగా తెలిసిన దేమనగా, అతని తోటివాడొకడు పాత వాట్సాప్ సందేశములను త్రవ్వుచు, 2021లో మేము పంపిన లింకొకటి కనుగొనెనట. అది ఇంటిపని పంపుకొనుటకై మేము తెరచిన ఫోల్డరు. ఆ ఫోల్డరులోనే మా అజాగ్రత్తవలన ఆ యేటి జీతముల రాయితీ పట్టికయు పడియుండెను. ఫోల్డరు అందఱికిని తెరచియున్నచో దానిలోని ప్రతి ఫైలును అందఱికిని తెరచియున్నట్లే. ఆ పట్టికలో ఈ పిల్లవాని పేరునకు ఎదుట, కారణము అను గడిలో, "తండ్రి త్రాగుబోతు, తల్లి కూలి" అని యుండెను. వ్రాసినది మేమే. రాయితీ మంజూరగుటకై, మేలు చేయుదమను తలంపుతోనే వ్రాసితిమి. ఆ మాటను నాలుగేండ్ల తరువాత తరగతిలో నలుగురు బిగ్గరగా చదివి నవ్విరి.

ధర్మము చేయునప్పుడు పదిమందికి చాటక చేయవలెనని ఆదివారపు బడిలో మేము ఎన్నిసార్లు బోధించితిమో లెక్కలేదు. మేము చేసిన సహాయము ఆ యింటివారికి సగము జీతము తగ్గించినది. మా అజాగ్రత్త ఆ పిల్లవానికి తల యెత్తుకొని తిరుగు స్వేచ్ఛను తగ్గించినది. రెండింటిలో ఏది ఎక్కువయో పాఠకులే నిర్ణయింపగలరు.

ఆ సాయంకాలమే ఆ ఫోల్డరును మూసితిమి. తరువాత భయపడుచు తక్కినవానిని చూచుటకు కూర్చుంటిమి. మా ఖాతాలో 2,314 ఫైళ్లుండెను. ఒక్కొక్కదానిని తెరచి, ఎవరెవరికి అనుమతి యున్నదో చూచి, తీసివేయుటకు నిమిషము చొప్పున లెక్క కట్టగా ముప్పదియెనిమిది గంటలకు పైబడెను. అప్పుడు మా పాఠశాలలో కంప్యూటరు బోధించు యువకుడు, మా యొద్దనే పదవ తరగతి చదివినవాడు, "మాస్టారూ, ఇంత పని చేతితో ఎందుకండీ? చిన్న స్క్రిప్టు వ్రాస్తే అదే తీసివేస్తుంది" అని చెప్పెను.

స్క్రిప్టు అనగా యంత్రమునకు వ్రాసియిచ్చు ఆజ్ఞల పట్టిక. ఈ ఫోల్డరు తెరువుము, దానిలోని మొదటి ఫైలు తీసికొనుము, దాని అనుమతులు చూడుము, సొంతదారుని అనుమతి తప్ప తక్కినవి తీసివేయుము, తరువాతి ఫైలునకు పొమ్ము. ఇట్లు వరుసగా చెప్పుట. గూగుల్ వారే యిందుకై యాప్స్ స్క్రిప్టు అను సాధనమునిచ్చియున్నారు. మన ఖాతాలోనే వ్రాసికొని మన ఖాతాలోనే నడిపింపవచ్చును. అది ఒక్క పరుగున ఆరు నిమిషములకు మించి పనిచేయదు. కావున ఎచ్చట ఆగెనో గుర్తుంచుకొని, కొంత సేపటికి మరల అచ్చటినుండియే మొదలుపెట్టునట్లు మా యువకుడు దానిని కూర్చెను. ఫిబ్రవరిలో ఒక శనివారము రాత్రి దానిని నడిపించి మేము నిదురించితిమి. తెల్లవారి చూడగా ఒక్క తలుపును తెరచియుండలేదు. చాల దినములకు గుండె తేలికపడి ఆరాధనకు పోతిమి.

సోమవారము ఉదయమునుండి మా యీమెయిలు పెట్టెలో అర్జీలు పడనారంభించినవి. ప్రశ్నపత్రముల ఫోల్డరు తెరచుకొనుటలేదని తోటి ఉపాధ్యాయులు, హాజరు పట్టిక కనబడుటలేదని గుమాస్తాగారు, ఒకరివెంట ఒకరు అనుమతి కోరిరి. ఒకరి అనుమతిని తీసివేసినప్పుడు వారికి కబురేదియు పోదు. వారు తెరువబోయినప్పుడు మాత్రమే, అనుమతి లేదు, కావలసినచో అడుగుమను మాట ఎదురగును. అడిగినవారికి ఇచ్చితిమి. రెండు దినములలో అంతయు సర్దుకొన్నదని తలంచితిమి.

బుధవారము మధ్యాహ్నము ఒక తల్లి బడి వసారాలో మాకొఱకు నిలువబడి యుండెను. ఆమె కుమార్తె పదవ తరగతి చదువుచుండెను. పుట్టుకతోనే చూపు లేదు. ఆ యేడాది పొడవునను మేము నలుగురు ఉపాధ్యాయులము పాఠములను గొంతెత్తి చదివి, ఆ ధ్వనులను ఒక ఫోల్డరులో చేర్చి ఆ అమ్మాయి ఖాతాకు అనుమతి నిచ్చితిమి. ఫోను తెరమీది మాటలను చదివి వినిపించు సదుపాయముతో ఆ బిడ్డ వానిని తానే తెరచుకొని వినుచుండెను. పబ్లిక్ పరీక్షలకు నెల దినములైనను లేవు. ఆ తల్లి చేతులు జోడించి, "మా పిల్ల ఏం తప్పు చేసిందండీ? పాఠాలన్నీ తీసేసుకున్నారంట. ఆదివారం నుంచి అన్నం సరిగ్గా తినడంలేదు. తప్పుంటే కొట్టండి గాని పాఠాలు ఆపకండి" అని పలికెను.

మాకు నోట మాట రాలేదు. మా స్క్రిప్టు తనకు చెప్పినదే చేసినది. సొంతదారుడు తప్ప తక్కినవారినందఱిని తీసివేయుమని మేము వ్రాసితిమి, అది తీసివేసెను. నవ్విన పిల్లవాడును, చదువుకొను బిడ్డయు దానికి ఒక్కటే. వారి భేదము తెలిసినది మాకు. మేము దానికి చెప్పలేదు. తక్కినవారు అనుమతి కోరి యీమెయిలు వ్రాసిరి. ఆ బిడ్డ అడుగలేదు. పెద్దలు తీసివేసినచో కారణముండునని తలంచి ఊరకుండెను. మన బడులలో వినయముగల పిల్లలు ఇట్లే యుందురని మాకు తెలిసియుండవలెను.

అప్పటికప్పుడు ఆ ఫోల్డరును ఆమె ఖాతాకు మరల తెరచి, తరగతిలోనికి పోయి, "అమ్మా, తప్పు నీది కాదు, మాది" అని చెప్పితిమి. ఆ బిడ్డ, "భూగోళం నాలుగో పాఠం సగంలో ఉన్నానండీ" అని మాత్రము చెప్పెను. ఆ సాయంకాలము బడి విడిచిన తరువాత ఆ పాఠమును ఎదుట కూర్చుండి చదివి వినిపించితిమి.

ఆ రాత్రి మా యువకుడును మేమును మరల కూర్చుండి, ఏమి చేసియుండవలసినదో ఆలోచించుకొంటిమి. మొదటి పొరపాటు లెక్క వ్రాయకుండుట. ఏ ఫైలునకు ఎవరెవరికి అనుమతి యుండెనో ముందుగా వ్రాసికొనక తీసివేసినందున, ఎవరికి మరల ఈయవలెనో జ్ఞాపకముమీదను, వచ్చిన అర్జీలమీదను ఆధారపడవలసి వచ్చెను. కొట్టులోని సరకు తీయుటకు ముందు జాబితా వ్రాయనివాడు ఏమి పోయెనో చెప్పలేడు గదా. అందుచేత స్క్రిప్టును రెండుగా విడదీసితిమి. మొదటిది ఏమియు తీసివేయదు. ఒక్కొక్క ఫైలు పేరు, దాని సొంతదారు, అనుమతి కలిగినవారి ఖాతాలు, ఆ అనుమతి చూచుటకా దిద్దుటకా, లింకుతో అందఱికిని తెరచియున్నదా, ఈ వివరములను పట్టికగా వ్రాయును. చివరి గడి ఖాళీగా నుండును. ఆ గడిలో "ఉంచుము" అనియో, "తీయుము" అనియో, "విచారింపుము" అనియో మనుష్యుడే వ్రాయవలెను. రెండవ స్క్రిప్టు "తీయుము" అని వ్రాసియున్న వరుసలను మాత్రమే ముట్టుకొనును; ఏమి తీసెనో, ఎప్పుడు తీసెనో వేరొక పట్టికలో వ్రాయును. దానిని మొదట పది ఫైళ్లమీద నడిపి, ఫలితము కంటితో చూచుకొని, పిదప తక్కినవానిపై నడిపించితిమి.

మా ఫైళ్లకు వేసిన తాళమును మొదటి రాత్రి పిమ్మట మేము మరల తీయలేదు. అడిగినవారికి తెరచినవానిని మాత్రము ఈ పట్టికతో సరిచూచుకొంటిమి. పట్టికకు అసలైన పని తోటి ఉపాధ్యాయుల ఖాతాలలో పడెను. మాలో తొమ్మిదిమంది సాయంకాలములు కూర్చుండి ఎవరి పట్టికను వారు నింపిరి. ఆ పనిలో మఱి మూడు సంగతులు నేర్చుకొంటిమి.

మొదటిది, ఫోల్డరునకు వేసిన తాళము లేక లోపలి ఫైలునకు తాళము వేయుట వ్యర్థము. ఫోల్డరునుండి సంక్రమించిన అనుమతి ఫోల్డరువద్దనే తీయవలెను. ముందు వీధి వాకిలి, తరువాత గదులు. రెండవది, పరాయివాని ఇంటికి మనము తాళము వేయలేము. మా పాఠశాల సంగతులు కొన్ని, బదిలీయై పోయిన ఒక ఉపాధ్యాయురాలి సొంత ఖాతాలో నుండెను. వానిని మూయుటకు ఆమెయే కావలెను. ఫోనులో కోరగా ఆ దినముననే మూసి కబురు పంపిరి. కొందఱు ఆ ఫైళ్లను తమ ఖాతాలలోనికి నకలు వ్రాసికొనియుండినచో ఆ నకలు వారి సొత్తు. అసలును మూసినంతమాత్రమున నకలు మూతబడదు. మూడవది, ఈ పని చేసిపెట్టెదమని బయట దొరకు తెలియని సాధనములు మన డ్రైవ్ అంతటిపైన అధికారమును కోరును. తాళములు వేసెదనని వచ్చిన తెలియనివాని చేతికి తాళపుచెవుల గుత్తి నిచ్చుట వంటిదది. తెలిసినవారు వ్రాసినది, మన కన్నులయెదుట నడుచునది అయినచో మేలు. పని ముగిసిన తరువాత ఆ సాధనమునకిచ్చిన అధికారమును ఖాతా అమరికలలో మరల తీసివేయవలెను.

ఇప్పుడు తలిదండ్రులతో ఒక మాట. 2023లో మన దేశమున వ్యక్తుల డిజిటల్ సమాచార రక్షణకై ఒక చట్టము చేయబడినది. పదునెనిమిదేండ్లు నిండనివారిని ఆ చట్టము బిడ్డలుగానే యెంచి, వారి సమాచారమును వాడుకొనుటకు ముందు తలిదండ్రుల సమ్మతి కావలెనని విధించుచున్నది. మేము చట్టము చదివి భయపడి ఈ పని చేయలేదు. ఒక పిల్లవాని ముఖము చూచి చేసితిమి. కాని మీ బిడ్డ పేరు, ఫోటో, మార్కులు, ఇంటి సంగతులు ఎచ్చట దాచబడినవో, ఎవరెవరు చూడవచ్చునో పాఠశాలను అడుగు హక్కు మీకు కలదు. అడుగుడు. అడిగినవారిని తప్పుపట్టువారము కాము.

ప్రియ విద్యార్థులారా, మీలో అనేకులు మీ ప్రాజెక్టులను, ఫోటోలను లింకులతో పంపుకొనుచున్నారు. పంపునప్పుడు లింకు నీయక పేరున నిచ్చుట నేర్చుకొనుడు. పని తీరినప్పుడు అనుమతిని తీసివేయుట మరువకుడు. ఎవరిదైనను తలుపు తెరచియుండుట చూచినచో, లోపలికి పోయి చదివి నవ్వుట ధైర్యము కాదు. ఆ యింటివారికి చెప్పుట ధైర్యము. ఆ పాత లింకును తెరచినవాడు ఆ దినముననే వచ్చి "మాస్టారూ, మీ ఫైలు తెరచి ఉందండీ" అని మాతో చెప్పియుండినచో ఈ వ్యాసము వ్రాయవలసిన పనియే లేకపోవును. తరువాత అతడును తన తోటివానియొద్దకు పోయి క్షమాపణ కోరెను. అది అతనికి సులభము కాలేదని మాకు తెలియును.

మాకును సులభము కాలేదు. మేము ఆ పిల్లవాని ఇంటికి పోతిమి. తల్లి పనికి పోయియుండెను. అతడు అరుగుమీద చాప పరచి మమ్ము కూర్చుండబెట్టెను. జరిగినది మా తప్పని చెప్పి, ఆ పట్టిక మూయబడినదనియు, ఇక నెవ్వరును తెరువలేరనియు తెలిపితిమి. అతడు కొంతసేపు నేల చూచి, "ఇంతకుముందు ఎంతమంది చూశారండీ?" అని అడిగెను. లింకుతో వచ్చి చూచినవారి పేర్లు మాకు తెలియు మార్గము లేదు. ఆ మాటయే చెప్పితిమి. అబద్ధము చెప్పి ఓదార్చుటకు మాకు మనసొప్పలేదు. అతడు తల యూచి, లోపలికి పోయి మాకు మంచినీళ్లు తెచ్చియిచ్చెను. మరునాడు బడికి వచ్చెను. ఇప్పుడు వెనుక బల్లపై కూర్చుండుట లేదు.

రాయితీ అర్జీ కాగితములో కారణము అను గడిని 2025 జూన్ మొదలు మా పాఠశాల తీసివేసినది. సహాయము కావలెనా యని మాత్రమే అడుగుచున్నాము. తక్కినది ఎదుట కూర్చుండి నోటితో విందుము, వ్రాయము. ప్రతి సంవత్సరము ఏప్రిల్ నెల చివరి పని దినమున, తరగతి గదులకు తాళములు వేయుటకు ముందు, ఉపాధ్యాయులమందఱమును కూర్చుండి అనుమతుల పట్టికను తీసి, ఒక్కొక్క పేరును పైకి చదివి నిర్ణయించెదము. యంత్రము పట్టిక వ్రాయును, తీయుమన్నది తీసివేయును. మధ్యనున్న ఆ ఒక్క గడిని నింపుట మాత్రము మా పని. ఆ చూపులేని బిడ్డ పదవ తరగతిలో ఉత్తీర్ణురాలై ఇంటర్మీడియటులో చేరినది. ఆమె పాఠముల ఫోల్డరునకు ఎదుటి గడిలో మేము "ఉంచుము" అని వ్రాసితిమి. పరీక్ష ముగిసినదిగదా, ఇక నెందుకని మా యువకుడు అడుగగా, తన తరువాత అట్టి బిడ్డ మఱియొకరు వచ్చినచో ఎచ్చట ఏమున్నదో ఆమెయే చెప్పునని సమాధానమిచ్చితిమి.